ఆడవారి జైలు ఎంత దూరం?

కంభం చెరువును కట్టించినది వరదరాజమ్మ అని ఐతిహ్యం. గజపతుల ఆడపడుచు, విజయనగరం కోడలు. అయిదు వందల ఏళ్ళు గడిచినా ఆ చెరువు పేరు ఎత్తగానే ఆమె పేరు వినబడుతుంది. మార్కాపురం చెన్నకేశవుని గుడికి స్థలపురాణం ఉన్నది. పలకల గనులకు చరిత్ర ఉన్నది. గుంటూరు నుండి గిద్దలూరు మీదుగా నల్లమలను దాటి గుంతకల్లు చేరే రైలుదారికీ ఒక కథ ఉన్నది. ఇదే నేల మీద పుట్టి, ఏదో ఒక నేరం మోపబడి, శిక్షపడి, ఊరు విడిచి వెళ్ళిన ఆడవాళ్ళు మాత్రం ఏ చరిత్రలోనూ కనబడరు. వారిని ఎక్కడికి తీసుకొని వెళ్ళేవారు? ఎంత దూరం? చూడటానికి ఎవరైనా వెళ్ళగలిగేవారా? ఈ టపా ఆ దూరాన్ని గురించి.

ముందుగా ఈ ప్రాంతపు చరిత్రను కొంచెం నెమరు వేసుకోవాలి. మనం పశ్చిమ ప్రకాశం అని పిలుచుకొనే మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతం 1800లో నిజాము కుంఫిణీకి ఇచ్చివేసిన దత్తమండలాలలోనిది. మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలు జిల్లాకు మారింది. 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాజధానిలోనూ, ఆ పిదప మద్రాసు రాష్ట్రంలోనూ భాగం. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు కర్నూలు నుండి విడివడి అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఎల్లలు ఇన్ని మార్లు మారినా ఒక సంగతి మారలేదు. కచేరీ ఎక్కడ ఉన్నా, కలెక్టరు ఎక్కడ ఉన్నా, ఆడవారి జైలు మాత్రం ఎప్పుడూ దూరమే.

దీనికి కారణం ఎవరి క్రూరత్వమో కాదు, ఒక లెక్క. ఆ లెక్క అర్థం కావాలంటే ఆనాటి జైళ్ళ ఏర్పాటు తెలియాలి.

మద్రాసు రాజధానిలో తాలూకా కేంద్రాలలో తాలూకా కచేరీ ఆవరణలోనే సబ్‌జైలు ఉండేది. తహసీలుదారే దానికి పెద్ద. చిన్న శిక్షలు, విచారణ పూర్తి కానివారు అక్కడ. పెద్ద శిక్ష పడితే సెంట్రల్ జైలు: రాజమహేంద్రవరం, వేలూరు, కోయంబత్తూరు, తిరుచిరాపల్లి, కన్ననూరు. ఇదంతా మగవారిని దృష్టిలో పెట్టుకొని కట్టిన వ్యవస్థ. స్త్రీల మాట 1894 నాటి జైళ్ళ చట్టంలో కొద్ది చోట్లనే వస్తుంది. 27వ సెక్షను ప్రకారం ఆడవారిని వేరే కట్టడంలోగాని, అదే కట్టడంలో వేరే భాగంలోగాని ఉంచాలి. మగ ఖైదీలు వారిని చూడకూడదు, మాటాడకూడదు. 46వ సెక్షను ప్రకారం ఆడవారికి శిక్షగా సంకెళ్ళు వేయకూడదు, కొరడాదెబ్బలు కొట్టకూడదు. చెప్పుకోదగ్గ దయే. కాని ఆ దయ అంతా “ఏమి చేయకూడదు” అనే చెప్పింది; ఏమి చేయాలో చెప్పలేదు.

ఆడ ఖైదీలు ఎప్పుడూ తక్కువమంది. ఈనాటికీ అంతే. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్న సుమారు 5 లక్షల 73 వేల మందిలో స్త్రీలు ఇంచుమించు 23,700, అంటే నూటికి నలుగురు. ఒక తాలూకా నుండి ఏడాదికి ఏ ఒకరో ఇద్దరో. వారిని ఊళ్ళోని సబ్‌జైలులోనే ఉంచితే చుట్టూ మగ ఖైదీలు, మగ కాపలాదారులు. నాలుగు గోడల మధ్య తోడుకు మరొక ఆడమనిషి ఉండదు. అట్లా కాక అందరినీ ఒకచోట చేర్చి ఆడ వార్డర్లను పెట్టి ప్రత్యేకంగా జైలు నడిపితే, ఆ జైలు రాజధాని మొత్తానికి ఒకటే ఉంటుంది. అది ఎక్కడ పెట్టినా ఎక్కువమందికి దూరమే. దగ్గరగా ఉంటే ఒంటరితనం, తోడు దొరికితే దూరం. ఆడవారి జైళ్ళ చరిత్ర అంతా ఈ రెండిటి మధ్య ఊగుతూ వచ్చింది.

మద్రాసు రాజధానిలో స్త్రీలకు ప్రత్యేకించిన జైలు వేలూరులో ఉండేది. మనవాళ్ళు రాయవేలూరు అనేవారు. ఆ పేరు చెబితే 1806 నాటి సిపాయిల తిరుగుబాటు గుర్తుకు వస్తుంది గాని, ఆడవారి జైలు ఎవరికీ గుర్తు రాదు. 1930 ప్రాంతంలో గిద్దలూరు నుండి అక్కడికి చేరే దారిని ఊహించండి. మీటరుగేజి బండిలో నంద్యాల, ద్రోణాచలం మీదుగా గుంతకల్లు. అక్కడ బండి మారి కడప, రేణిగుంట. మరల బండి మారి కాట్పాడి, ఆపైన వేలూరు. పోలీసుల వెంట వెళ్ళే ఖైదీకి టిక్కెట్టు సర్కారుది. ఆమెను చూడబోయే తల్లికో, బిడ్డలకో ఎవరు ఇస్తారు? వాన ఎప్పుడు పడుతుందో తెలియని మెట్టపొలాల ఇంట్లో రెండు మూడు రోజుల ప్రయాణానికి కూలి పోగొట్టుకొని, బండి ఖర్చులు భరించి, ములాకత్‌కు వెళ్ళగలవారు ఎందరు? పైగా ఆడది జైలుకు వెళ్ళడమంటే ఆ ఇంటికి తలవంపు. శిక్ష తీరి తిరిగివచ్చినా గడప తొక్కనిచ్చేవారో లేదో. న్యాయాధిపతి వ్రాసిన తీర్పులో ఇన్నేళ్ళని శిక్ష ఉంటుంది. ఈ దూరం ఆ తీర్పులో ఉండదు. ఎవరూ విధించని రెండవ శిక్ష అది.

వేలూరు తెలుగు తెలియని ఊరేమీ కాదు. ఉత్తర ఆర్కాటు జిల్లాలో తెలుగువారు మెండు. అయినా గుండ్లకమ్మ ఒడ్డు పలుకుబడి మాత్రమే తెలిసిన మనిషికి అరవ మాటల నడుమ ఏళ్ళు గడపడం ఎట్లా ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. ఆ స్త్రీలు ఏమీ వ్రాయలేదు. వ్రాయడం వారికి రాదు.

మరి ఆ గోడల వెనుక సంగతులు మనకు ఎట్లా తెలిశాయి? అక్షరం వచ్చిన ఆడవారు జైలుకు వెళ్ళడం వలన.

ఆంధ్రదేశంలో రాజకీయ కారణాలతో మొట్టమొదట జైలుకు వెళ్ళిన స్త్రీ దువ్వూరి సుబ్బమ్మ గారు. సహాయ నిరాకరణోద్యమంలో 1922లో ఏడాది శిక్షపడి రాజమహేంద్రవరం జైలుకు వెళ్ళారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంతో పరిస్థితి ఒక్కసారిగా మారింది. వేదారణ్యంలో పట్టుబడిన ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి గారికి ఏడాది శిక్ష వేసి వేలూరు పంపారు. గుంటూరు శారదానికేతనం నడిపిన ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు, నెల్లూరు కస్తూరిదేవి విద్యాలయం స్థాపించిన పొణకా కనకమ్మ గారు, ఇరవై రెండేళ్ళు నిండని దుర్గాబాయమ్మ గారు, ఇట్లా ఒకరి తరువాత ఒకరు ఆ జైలు చూసినవారే. అరవ నాట నుండి అంబుజమ్మాళ్, కోదైనాయకి అమ్మాళ్ వచ్చారు. కోదైనాయకి అమ్మాళ్ ఆ గోడల మధ్యనే నవల వ్రాశారు. అంతవరకు హంతకులకు, దొంగలకు మాత్రమే ఇల్లనుకొన్న చోటికి చదువరులు, సంపాదకురాండ్రు, బడి పంతులమ్మలు వచ్చి చేరారు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. 1929 సెప్టెంబరులో లాహోరు జైలులో జతీంద్రనాథ దాసు నిరాహారదీక్షలో అసువులు బాసిన తరువాత కలిగిన అలజడికి లొంగి, 1930లో ప్రభుత్వం ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విభజించింది. చేసిన నేరమొక్కటే కాదు, చదువు, అంతస్తు, బ్రతుకుతీరు చూసి తరగతి నిర్ణయించేవారు. పై తరగతికి మంచి తిండి, పుస్తకాలు, ఎక్కువ ఉత్తరాలు. సీ తరగతికి గంజి, జైలు బట్ట, దంచుడు, విసురుడు. అంటే ఊళ్ళో ఉన్న మెట్లే జైలులోనూ కట్టారన్నమాట. అక్షరం రాని పల్లెటూరి ఆడమనిషికి సీ తరగతి తప్ప మరొకటి ఉండే వీలే లేదు. ఆమెకు అప్పగించిన పని కూడా ఇంటి దగ్గర చేసినదే: దంచడం, తిరగలి త్రిప్పడం, నూలు వడకడం. బయటికి వెళ్ళాక బ్రతుకుతెరువు కాగల విద్య ఏదీ లేదు.

అయినా ఒకే ఆవరణలో ఉన్నందువలన ఆ రెండు లోకాలు ఒకదానినొకటి చూడగలిగాయి. ఆ చూపు వలన మన దేశంలో ఒక పెద్ద మార్పు వచ్చిందని నా నమ్మకం.

దుర్గాబాయి గారు 1930–33 మధ్య మూడు మార్లు జైలుకు వెళ్ళారు. వేలూరులో కొంతకాలం, మధుర జైలులో ఏడాది ఏకాంతవాసం. మధురలో ఆమె గది పక్కన ఉరిశిక్ష పడిన ఖైదీల కొట్లు ఉండేవి. జైళ్ళలో ఆమె ఆడ ఖైదీలతో మాటలు కలిపారు. ఎందుకు వచ్చావమ్మా అని అడిగితే చాలామందికి తమ మీద మోపిన నేరమేమిటో కూడా సరిగా తెలియదు. కోర్టులో ఏమి అడిగారో అర్థం కాలేదు, ఏమి చెప్పాలో చెప్పినవారు లేరు. మగవారు చేసినదానికి తలయొగ్గి వచ్చినవారూ ఉన్నారు. బయటికి వెళ్ళి న్యాయశాస్త్రం చదివి ఇటువంటివారి పక్షాన నిలబడాలని అక్కడే నిశ్చయించుకొన్నారు. ఆనాటికి ఆమెకు పాఠశాల చదువే పూర్తిగా లేదు. కాశీలో మెట్రిక్యులేషను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బీ.ఏ., ఎం.ఏ., పిదప మద్రాసులో న్యాయశాస్త్రం. 1942లో వకీలుగా నమోదయ్యారు. ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ పరిషత్తు, ప్రణాళికా సంఘం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, ఇవన్నీ మనకు తెలిసినవే. వీటన్నిటికీ వెనుక, పేరు మిగలని కొందరు ఆడ ఖైదీల మాటలు ఉన్నాయి. చరిత్ర వారికి ఇంకా ఋణం తీర్చలేదు.

వారి నేరాలు ఎటువంటివి? చట్టం చూస్తే కొంత ఊహించవచ్చు. భారత శిక్షాస్మృతిలో శిశుజననాన్ని దాచడం నేరం. తిరిగి పెళ్ళాడే వీలులేని వితంతువు గర్భవతి అయితే ఆ సెక్షను ఎదురుచూస్తూ ఉండేది. 1881లో సూరతులో ఒక బ్రాహ్మణ వితంతువుకు అటువంటి కేసులోనే, బిడ్డను చంపినందుకు, ఉరిశిక్ష వేశారు. ఆ ఏడే, డిసెంబరు 11న, రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఒకే సంవత్సరంలో ఒకచోట ఉరిత్రాడు, ఒకచోట మంగళసూత్రం.

మరొక రకం కేసు మన మెట్టప్రాంతాల వారికి బాగా అర్థమవుతుంది. ఇంట్లో బాధ భరించలేక బిడ్డలను ఒడిలో కట్టుకొని బావిలో దూకిన తల్లి. బిడ్డలు పోతారు, తల్లి బ్రతుకుతుంది. చట్టం దృష్టిలో ఆమె హంతకి; ఆపైన ఆత్మహత్యా ప్రయత్నమని మరొక నేరం. మధ్యభారత్ హైకోర్టులో 1953 నాటి తీర్పు ఒకటి సరిగ్గా ఇటువంటిదే. న్యాయాధిపతులు శిక్షను రద్దు చేయలేకపోయారు. దయ చూపవలసిందని ప్రభుత్వానికి సిఫారసు చేసి ఊరుకొన్నారు. చట్టానికి లేని కనికరాన్ని ప్రభుత్వం నుండి అరువు అడిగారన్నమాట. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ 309వ సెక్షను వంటిది లేదు. హత్యానేరం మాత్రం అట్లాగే ఉన్నది.

దూరపు సమస్య మనకొక్కరికే వచ్చినది కాదు. అమెరికాలో 1920ల వరకు సమాఖ్య ప్రభుత్వానికి ఆడవారి జైలే లేదు. శిక్షపడిన స్త్రీలను రాష్ట్రాల జైళ్ళలో బాడుగకు ఉంచేవారు. 1927లో పశ్చిమ వర్జీనియా కొండలలో ఆల్డర్సన్ అనే చోట మొదటిది తెరిచారు. మేరీ బెల్ హారిస్ అనే విదుషి దానికి తొలి అధికారిణి. ఎత్తయిన ప్రహరీ లేదు; బారకులకు బదులు కుటీరాలు; వంట, తోటపని, చదువు. మనిషిని మార్చే చోటుగా కట్టారు. ఆ రోజులలో అది గొప్ప ఆదర్శం. కాని దేశమంతటికీ అదొక్కటే! న్యూయార్కు బిడ్డయినా, పసిఫిక్ తీరపు తల్లి అయినా ఆ కొండలకే. కుటీరాలలోనూ నల్లజాతి స్త్రీలను వేరుగా ఉంచారు. గాయని బిల్లీ హాలిడే 1947లో అక్కడికి వెళ్ళింది. 1955లో కమ్యూనిస్టు నాయకురాలు ఎలిజబెత్ గర్లీ ఫ్లిన్ వెళ్ళింది. తిరిగివచ్చి తాను చూసినది పుస్తకంగా వ్రాసింది. అక్కడ కూడా లోపలి కథ బయటికి వచ్చినది ఒక రాజకీయ ఖైదీ కలం వలననే. సంకల్పం మంచిదైనా దూరం దూరమే అని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

మన కథకు తిరిగి వద్దాం. 1946 ఏప్రిలులో ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానమంత్రి అయినపుడు ఆయన మంత్రివర్గంలో ఉన్న ఏకైక స్త్రీ రుక్మిణీ లక్ష్మీపతి గారు, ప్రజారోగ్య మంత్రి. పదహారేళ్ళ క్రితం వేలూరు ఖైదీ. ఇట్లా కొందరు జైలు నుండి మంత్రిపదవికి, రాజ్యాంగ పరిషత్తుకు నడిచారు. పొణకా కనకమ్మ గారు వ్రాసుకొన్న స్వీయచరిత్ర మాత్రం 1963లో ఆమె గతించిన తరువాత దాదాపు అర్ధశతాబ్దికిగాని అచ్చు కాలేదు. మంచి విద్యావతి, పత్రికలు నడిపిన మనిషి, ఆమె మాటే అంతకాలం చీకట్లో ఉండిపోతే, మార్కాపురం తాలూకా సీ తరగతి ఖైదీ మాట ఎవరికి వినబడుతుంది?

1953లో ఆంధ్రరాష్ట్రం విడివడినపుడు వేలూరు మద్రాసులోనే ఉండిపోయింది. నవ్యాంధ్రలో ఈనాడు స్త్రీలకు ప్రత్యేక కారాగారాలు రాజమహేంద్రవరంలోనూ, కడపలోనూ ఉన్నాయి. హైదరాబాదు చంచల్‌గూడలోనిది తెలంగాణకు వెళ్ళింది. గిద్దలూరు నుండి రాజమహేంద్రవరం సుమారు 400 కిలోమీటర్లు. కడప అంత దూరం కాదు. కాని పేదయింటి పిల్లలకు వంద కిలోమీటర్లు దాటిన ప్రతి ఊరూ పరదేశమే.

ఇంతలో చట్టం మాత్రం నిలిచిపోలేదు. 1973 నేరవిచారణ స్మృతిలోని 304వ సెక్షను సెషన్స్ కేసులలో వకీలును పెట్టుకోలేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇమ్మన్నది. 1976లో రాజ్యాంగంలో 39-ఏ అధికరణం చేరింది. 1987 నాటి న్యాయసేవల చట్టం, 1995 నుండి అమలులో ఉన్నది, ఆడమనిషి అయితే చాలు, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చునన్నది. దుర్గాబాయి గారు 1981లోనే వెళ్ళిపోయారు. వేలూరులో తలచుకొన్నది చట్టమై రావడం చూడలేదు.

2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కేసు పేరులోనే మన రాష్ట్రం ఉన్నది: ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. తల్లితో పాటు జైలులో పెరిగే పసిపిల్లలను గురించిన తీర్పు అది. ఆరేళ్ళ వరకు బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదు. తిండి, వైద్యం, చదువు, ఆట అన్నీ హక్కుగా అందాలి. వీలైనంతవరకు కాన్పు బయటి ఆసుపత్రిలో జరగాలి. జైలులోనే జరిగితే పుట్టుక పత్రంలో జన్మస్థలం జైలు అని వ్రాయకూడదు. ఈ చివరి వాక్యం చదివినపుడల్లా ఆగిపోతాను. పుట్టిన ఊరు ఒక మనిషికి ఎంత ముఖ్యమో ఆ న్యాయమూర్తులు గుర్తించారు.

ఆరేళ్ళు నిండిన తరువాత? అప్పుడు మరల దూరమే. బిడ్డ అవ్వ దగ్గరికో, హాస్టలుకో వెళుతుంది. తల్లి అక్కడ, బిడ్డ ఇక్కడ. 1930లో మూడు రైళ్ళు ఎక్కవలసి వచ్చింది. ఇప్పుడు బస్సు రెండు మార్లు మారాలి. టెలిఫోను వచ్చింది, వీడియోలో కోర్టుకు హాజరుపరచడం వచ్చింది. తెరమీద కనబడే తల్లి తల నిమరలేదు గదా.

ప్రతి తాలూకాలో ఆడవారి జైలు కట్టమని నేను అనడం లేదు. జైళ్ళు పెరగడం ఏ సమాజానికీ శోభ కాదు. నేను చెప్పదలచినది ఇంతే: శిక్ష వేసేటపుడు, రిమాండుకు పంపేటపుడు, బెయిలు నిరాకరించేటపుడు ఆ దూరాన్ని కూడా శిక్షలో భాగంగా లెక్కించాలి. మన జైళ్ళలో నూటికి డెబ్బయి అయిదుగురు విచారణ పూర్తి కానివారే. నేరం తేలకముందే ఆ దూరాన్ని అనుభవిస్తున్నవారు. ములాకత్‌కు వచ్చే పిల్లలకు బస్సు ఛార్జీ ఇవ్వడం ఒక ప్రభుత్వానికి భారమైన పని కాదు. నూటికి నలుగురే గదా అన్న లెక్క ఇన్నాళ్ళూ నిర్లక్ష్యానికి సాకు అయింది. అదే లెక్క దయకు ఎందుకు కారణం కాకూడదు? నలుగురికే గదా, ఎంత ఖర్చవుతుంది!

చివరగా మిత్రులకు ఒక మనవి. నల్లమల అంచు ఊళ్ళవారు, వేలూరు పరిసరాలవారు మనలో చాలామంది ఉన్నారు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎవరైనా “రాయవేలూరు వెళ్ళి వచ్చింది” అని గొంతు తగ్గించి చెప్పుకొన్న మనిషి ఉంటే, పేరు అక్కరలేదు, ఆమె కథను వ్రాసి ఉంచండి. ఉప్పు కోసం వెళ్ళిన అమ్మల కథలు మనకు కొన్ని దక్కాయి. బావిగట్టు నుండి వెళ్ళిన అమ్మల కథలు ఇంకా దక్కవలసి ఉన్నాయి.